చెరువు నిండా నీళ్లున్నాయి, మరి పక్షులేవి?

మీ ప్రశ్న ఇదీ: హైదరాబాద్‌లో మియాపూర్ అవతల మీ ఇంటి దగ్గరి చెరువుకు చిన్నప్పుడు మీ నాన్నగారితో కలిసి పక్షులను చూడ్డానికి వెళ్లేవారు. సంక్రాంతి సెలవుల్లో వందల బాతులు, రంగు కొంగలు, ఒకటి రెండేళ్లు ఫ్లెమింగోలు కూడా కనిపించేవి. ఇరవై ఏళ్ల తర్వాత తిరిగొచ్చి చూస్తే చెరువు కబ్జా కాలేదు, ఏడాదంతా నిండుగా ఉంటోంది, చుట్టూ వాకింగ్ ట్రాక్ కూడా వేశారు. పక్షులు మాత్రం లేవు. "ఇన్ని నీళ్లుండి కూడా ఎందుకు పోయాయి? మళ్లీ వస్తాయా?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. నీళ్లు ఏడాదంతా నిండుగా ఉంటున్నాయి కాబట్టే చాలామటుకు పోయాయి. నీళ్లు దించితే కొన్ని తప్పకుండా వస్తాయి. అన్నీ రావు.

నేను శాస్త్రవేత్తను కాను. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. 1996 నుంచి నగరం పడమటి శివారులో నాలుగు చెరువులు ప్రతి చలికాలం లెక్కపెడుతున్నాను. అందులో రెండింటి కథ అచ్చం మీ చెరువు కథే. కాబట్టి కింద రాసేదంతా ఆ నోటుపుస్తకాల్లోంచి వచ్చింది.

ముందు చెరువు ఎలా బతికేదో చూడండి. మన చెరువులేవీ పక్షుల కోసం తవ్వినవి కావు, వరి కోసం కట్టినవి. వానాకాలంలో నిండి మత్తడి దూకేవి. దసరా, దీపావళి దాటాక యాసంగి నాట్లకు తూము తెరిచేవారు. అక్కడి నుంచి రోజూ కొంచెం కొంచెం మట్టం దిగేది. సంక్రాంతికి అంచులు బయటపడేవి, శివరాత్రికి శిఖం (చెరువు లోపలి నేల) సగం తేలేది, మే నెలకు నడిమధ్య మడుగు మిగిలి చుట్టూ నేల నెర్రెలు విచ్చేది. ఇప్పుడు వలస పక్షుల క్యాలెండర్ పక్కన పెట్టి చూడండి. సెప్టెంబర్, అక్టోబర్‌లలో రావడం మొదలవుతుంది, మార్చి, ఏప్రిల్‌లలో వెళ్లిపోతాయి. అంటే అవి ఇక్కడ ఉన్న ఆరు నెలలూ చెరువు దిగుతూనే ఉండేది. రైతు నీళ్లు వాడుకుంటుంటే ఆ వెనకే పక్షికి కొత్త బురద దొరికేది.

ఈ "కొత్త బురద" మాట దగ్గర కాస్త ఆగాలి. పాత చెరువుల అడుగు చాలా చదును. రెండు వందల అడుగులు లోపలికి నడిస్తే ఒక అడుగు లోతు పెరుగుతుందనుకోండి. అప్పుడు మట్టం ఒక్క అంగుళం దిగితే పదహారు పదిహేడు అడుగుల వెడల్పున తడి నేల బయటపడుతుంది. నిన్నటిదాకా నీళ్ల కింద ఉన్న పురుగులు, ఎర్రలు, చిన్న నత్తలు అన్నీ పైపొరలో ఉంటాయి. వారం తిరిగేసరికి అది ఎండి గట్టిపడుతుంది, కానీ ఆలోపు ఇంకో అంగుళం దిగి ఉంటుంది. రోజూ కొత్త విస్తరి వేసినట్టు.

ఇదే చెరువుకు రాతి పేర్పు కట్టండి. ఆ వాలు మీద అంగుళం దిగితే రెండంగుళాల రాయి కనిపిస్తుంది. రాయిలో ఏ పిట్ట ముక్కు పెడుతుంది?

దగ్గరగా చూసినవాళ్లకు ఇది అర్థమవుతుంది. లిటిల్ స్టింట్ అని ఉంటుంది, మనవాళ్లు చిన్న ఉల్లంకి అనేస్తారు. పిచ్చుకంత ఉంటుంది. సైబీరియా ఉత్తరపు అంచు నుంచి వస్తుంది. ఒకసారి కట్ట కింద గొంతుక్కూచుని ఒక పిట్టను పది నిమిషాలు చూశాను. కుట్టుమిషన్ సూదిలా ముక్కు టకటకా బురదలోకి, పైకి, బురదలోకి. నీటి అంచు వెంబడే, కాళ్లు సగం తడిసేంత మేరకే. దాని కాలు ఎత్తు రెండు సెంటీమీటర్ల చిల్లర. దాని ప్రపంచం అంత లోతులోనే ఉంది. అంతకు మించితే వంద ఎకరాల నీళ్లున్నా దానికి ఒక్క మెతుకు లేనట్టే.

అందుకే నేను పక్షులను పేర్ల కన్నా ముందు లోతుల లెక్కన చూడమంటాను. చిన్న ఉల్లంకులకు రెండు మూడు సెంటీమీటర్లు. పొడుగు ఎర్రకాళ్ల స్టిల్ట్‌లకు జానెడు లోపు. తలకిందులై తోక పైకి పెట్టి మేసే పిన్‌టెయిల్ లాంటి బాతులకు అడుగు, అడుగున్నర. ఫ్లెమింగోలు, తెడ్డుముక్కు కొంగలు కాళ్ల మీద నడుస్తూ మేసేవే కాబట్టి వాటికీ మోకాలి లోతు కావాలి. బార్‌హెడెడ్ గూస్‌లకైతే అసలు నీళ్లు పడుకోవడానికే, మేత తేలిన శిఖంలో మొలిచే గడ్డి మీద. ఇక ములిగి తినే పోచార్డ్‌లు, నీటికాకులు, ఈదుతూ చేపలు పట్టే గూడబాతులు. వీటికి లోతు ఉన్నా ఇబ్బంది లేదు. మీ చెరువులో ఇప్పుడు ఏవైనా మిగిలి ఉంటే ఈ చివరి బాపతే ఉండాలి. నీటికాకులు, బొల్లికోళ్లు, డెక్క మీద తిరిగే నీలం కోళ్లు. నా అంచనా తప్పైతే చెప్పండి.

మరి చెరువు దిగడం ఎందుకు ఆగింది?

నా చెరువు సంగతి చెప్తాను, పేరు వద్దు. 1996లో అక్కడ ఒక నీరటి, అంటే తూము తెరిచి నీళ్లు వదిలే మనిషి, ఉండేవాడు. అరవై దాటిన మనిషి. నేను బైనాక్యులర్ మెడకు వేసుకుని కట్ట మీద తిరుగుతుంటే మొదట భూమి కొలిచేవాణ్ననుకున్నాడు. పిట్టల కోసం వచ్చానంటే నవ్వి, "గిప్పుడేం జూస్తవ్ సారూ, నిండుగున్నది. నీళ్లు దింపినంక రా, పిట్టలు దిగుతయి" అన్నాడు. ఆ ముక్కకు శాస్త్రం నాకు పుస్తకాల్లో దొరకడానికి మరో ఎనిమిదేళ్లు పట్టింది.

2000 దాటాక ఆయకట్టు ప్లాట్లయింది. పొలమే లేనప్పుడు తూము ఎవరి కోసం తెరుస్తారు? నీరటి కొడుకు అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా కుదిరాడు. కొన్నాళ్లకు కట్ట మీద తారు రోడ్డు వేస్తూ తూము నోట్లో కాంక్రీటు పోశారు. కారుతోందని ఫిర్యాదు వచ్చిందట.

బయటికి పోయే దారి అలా మూసుకుంది. లోపలికి వచ్చేది పెరిగింది. ఈ లెక్క ఒకసారి వేయండి, బాగుంటుంది. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలనేది ప్రభుత్వ ప్రమాణం. అందులో సుమారు 80 శాతం మురుగుగా బయటికి వస్తుంది, అంటే 108 లీటర్లు. చెరువు ఎగువన పదివేల ఫ్లాట్లు, ఇంటికి నలుగురు అనుకుంటే రోజుకు 43 లక్షల లీటర్లు. వంద ఎకరాల చెరువు మీద పరిస్తే దాదాపు ఒక సెంటీమీటరు. నడి వేసవిలో కూడా ఎండకు ఆవిరయ్యేది రోజుకు ఇంచుమించు అంతే. ఇక తగ్గేదెప్పుడు? ఏప్రిల్‌లో కూడా చెరువు నిండుగా ఉందని మనం మురిసిపోతుంటాం. అవి వాన నీళ్లు కావు, మన స్నానాల గదుల నీళ్లు.

ఇక్కడ చాలామంది "మురుగు వల్లే పక్షులు పారిపోయాయి" అంటారు. అది సగమే నిజం. నా పుస్తకాల్లో ఉన్నది ఇబ్బందికరమైన లెక్క: మురుగు మొదలైన తొలి నాలుగైదేళ్లు పక్షులు పెరిగాయి. మురుగులో పురుగు ఎక్కువ. షవెలర్ బాతులు, స్టిల్ట్‌లు దానికి సంబరపడతాయి. అంచు చదునుగా ఉన్నంతకాలం అవి వస్తూనే ఉన్నాయి. దెబ్బ తర్వాత పడింది. నత్రజని, భాస్వరం పేరుకుని గుర్రపు డెక్క కమ్మేసింది. డెక్క కింద వెలుతురు లేదు, లోపలి నాచు చచ్చింది, ఆ నాచు తినే బాతులు పోయాయి. పగలంతా మబ్బు పట్టిన మర్నాడు తెల్లారేసరికి చేపలు వెల్లకిలా తేలేవి. విషం కలిపారని గొడవ జరిగేది. కొన్నిసార్లు ఫ్యాక్టరీ నీళ్లు కూడా కారణమే, కాదనను. కానీ చాలాసార్లు జరిగేది ఊపిరాడక చావడమే. రాత్రి నీళ్లలో ఆక్సిజన్ తయారు కాదు, ఖర్చు మాత్రం అవుతూ ఉంటుంది. అది అడుగంటేది సరిగ్గా తెల్లవారుజామున.

మూడో దెబ్బ సుందరీకరణ. దీని గురించి రాస్తే నాకు కోపం వస్తుంది కాబట్టి త్వరగా ముగిస్తాను. జేసీబీలు పెట్టి అంచులు లోతు చేశారు, ఆ మట్టితో చుట్టూ కట్ట పోశారు, రాతి పేర్పు, దాని మీద ట్రాక్, ట్రాక్ వెంట లైట్లు. ఒక మూల తుంగ, జమ్ము ఉండేది. "అపరిశుభ్రంగా ఉంది" అని పీకేశారు. బాతులు చాలావరకు రాత్రిపూట మేస్తాయి, పగలు నీళ్ల మధ్య నిద్రపోతాయి. మనం పగలు చుట్టూ నడిచి, రాత్రి చుట్టూ దీపాలు వెలిగించాం. ఆ పైన మాంసం వ్యర్థాలు, వాటి వెంట కుక్కలు. నేల మీద గుడ్లు పెట్టే తీతువు పిట్టకు అక్కడ ఇక ఏం మిగులుతుంది?

మనమూ శుద్ధపూసలం కాదు. నా తప్పు ఒకటి రాస్తాను. ఒక డిసెంబర్‌లో మా చెరువులో అరవై దాకా ఫ్లెమింగోలు దిగాయి. ఉండబట్టలేక గ్రూపులో పెట్టాను. ఆదివారం ముప్పై నలభై కార్లు వచ్చాయి. ఒకతను ఎగిరే ఫొటో కావాలని చప్పట్లు కొట్టి లేపాడు, ఇంకొకతను డ్రోన్ లేపాడు. పక్షులు రెండు చుట్లు తిరిగి ఉత్తరానికి వెళ్లిపోయాయి. సోమవారం వెళ్తే టీ కప్పులు మాత్రం ఉన్నాయి. అప్పటి నుంచి ఏదైనా దిగితే అవి వెళ్లిపోయాకే చెప్తున్నాను.

అయితే ఒక హెచ్చరిక. మీరు వెళ్లింది ఒక్క సీజనే అయితే "పోయాయి" అని అప్పుడే తీర్మానించకండి. వానలు బాగా కురిసిన ఏడాది జిల్లాల్లో ప్రతి కుంటా నిండుతుంది, పక్షులు అన్నిచోట్లా సర్దుకుంటాయి. ఏ ఒక్క చెరువులోనూ గుంపు కనబడదు. కరువు ఏడాది మిగిలిన రెండు మూడు మడుగుల్లో కిక్కిరిసి ఉంటాయి, మనం "ఈ ఏడు భలే వచ్చాయి" అంటాం. హిమాయత్‌సాగర్ దీనికి మంచి పాఠం. 1927లో పూర్తయిన జలాశయం, నీళ్లు తగ్గిన ఏళ్లలో దాని వెనకవైపు మైళ్ల కొద్దీ బురద మైదానం తేలేది. హైదరాబాద్‌లో ఉల్లంకులను గుర్తుపట్టడం నేర్చుకోవాలంటే అదే బడి. 1980లో మొదలై ఇప్పుడు డెక్కన్ బర్డర్స్‌గా నడుస్తున్న పాత బర్డ్‌వాచర్స్ సొసైటీ పెద్దల వెనకాల నడిచి నేను నేర్చుకున్నదీ ఆ బురదలోనే, చెప్పులు చేత్తో పట్టుకుని. 2020 అక్టోబర్ వానలకు పదేళ్ల తర్వాత దాని గేట్లు ఎత్తారు. నగరమంతా పండగ చేసుకుంది, తాగునీటికి మంచిదే. ఆ చలికాలం నా ఉల్లంకుల పేజీ మాత్రం దాదాపు ఖాళీ. అది చెరువు చావు కాదు, నిండిన ఏడాది, అంతే. తేడా ఏమిటంటే హిమాయత్‌సాగర్ మళ్లీ దిగగలదు. తూము మూసుకుపోయిన మీ చెరువు దిగలేదు.

కనీసం ఐదేళ్ల లెక్క ఉంటేనే మాట్లాడాలి. 1987 నుంచి ప్రతి జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన అందుకు పనికొస్తుంది. పక్షులు చూసేవాళ్లు తమ జాబితాలు పెట్టే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో మీ చెరువు పాత జాబితాలు ఉన్నాయేమో కూడా చూడండి. మొత్తం రకాల సంఖ్య కాదు చూడాల్సింది. అది మోసం చేస్తుంది, కట్ట మీద చెట్లు పెరిగితే పిచుకలూ పికిలిపిట్టలూ చేరి సంఖ్య పెరుగుతుంది కూడా. ఉల్లంకులు, బాతులు ఎన్ని తగ్గాయో విడిగా రాసుకోండి.

"రక్షణ ఉంటే బాగుపడదా" అని కింద కామెంట్లలో ఒకరు అడిగారు. రక్షణ అవసరమే, కానీ దేనికి రక్షణ అనేది చూడాలి. అమీన్‌పూర్ చెరువు ఇబ్రహీం కుతుబ్ షా కాలం నాటిది. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించారు. దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి పట్టణ చెరువు అదే. అయినా దాని చుట్టూ ఊరు పెరగడం ఆగలేదు. ఎఫ్‌టీఎల్ (నిండు మట్టం), దాని చుట్టూ కట్టడాలు లేకుండా వదలాల్సిన బఫర్ జోన్ (పాతికెకరాలు దాటిన చెరువుకు 30 మీటర్లు) నిబంధనలు హద్దును కాపాడతాయి. కట్టడాలు రాకుండా ఆపితే అదే పదివేలు. కానీ ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండినప్పటి గీత. ఏడాదంతా నీళ్లు ఆ గీత దగ్గరే నిలబడాలని ఏ చట్టంలోనూ లేదు, మనమే అలా అనుకుంటున్నాం.

కొల్లేరు చూసినవాళ్లకు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లు, 1999లో అభయారణ్యం, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు. చేపల చెరువుల గట్లు లేచి, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో వాటిని పేల్చి, ఆ తర్వాత మళ్లీ లేచిన కథ అందరికీ తెలిసిందే. చేపల చెరువుకీ మన సుందరీకరణ చెరువుకీ ఆకారం ఒకటే: నిటారు గట్టు, మనిషి లోతు నీళ్లు. అందుకే ఆటపాక దగ్గర గూడబాతులు ఇనుప మంచెల మీద గూళ్లు కట్టుకుని హాయిగా పిల్లల్ని లేపుతుంటే చూసి మురిసిపోతాం. నిజంగా చూడదగ్గదే, వెళ్లండి. కానీ గూడబాతు లోతు నీళ్ల పక్షి, చేప దొరికితే చాలు. అది బాగుందని కొల్లేరు అంచుల్లో మేసే పక్షులన్నీ బాగున్నాయని కాదు.

ఇక మళ్లీ వస్తాయా అన్న ప్రశ్న. నేను నమ్మకంగా చెప్పడానికి కారణం ఒక్కటే సంఘటన. 2019లో మా చెరువు కట్టకు గండి పడేలా ఉందని మరమ్మతు మొదలుపెట్టారు. పని కోసం మోటార్లు పెట్టి నవంబర్ చివర్లో నాలుగడుగుల నీళ్లు తోడేశారు. పేర్పు లేని పడమటి వైపు, అంటే పాత శిఖం వైపు, పదిహేనేళ్లలో మొదటిసారి బురద తేలింది. నల్లగా, కంపు కొడుతూ. ఏమీ రాదనుకున్నాను. మూడో వారానికి నలభై స్టింట్‌లు, పదకొండు స్టిల్ట్‌లు, రెండు తెడ్డుముక్కు కొంగలు. జనవరిలో స్టింట్‌లే రెండు వందలు దాటాయి. ఎక్కడి నుంచి చూశాయో, ఎవరు చెప్పారో. ఫిబ్రవరిలో పని అయిపోయింది, మోటార్లు ఆపేశారు, మార్చికల్లా మురుగుతో మళ్లీ నిండింది. మళ్లీ సున్నా.

కాబట్టి మీరు కాలనీవాళ్లతో కలిసి అడగదలిస్తే చెట్లు నాటమనో దీవి కట్టమనో అడక్కండి. తూము బాగుచేసి, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా నెలకు ఒక అడుగు చొప్పున నీళ్లు దించమనండి. ఒక్క వైపైనా పేర్పు, ట్రాక్, దీపాలు లేకుండా వదిలేయమనండి. గుర్రపు డెక్క మొత్తం ఒకేసారి తీయొద్దు, అంచున కొంత ఉంచితే నీలం కోళ్లు గూడు పెట్టుకుంటాయి. మురుగు శుద్ధి చేసి వదలమని ఎటూ అడుగుతారు, అడగండి. కానీ శుద్ధి చేసిన నీళ్లు కూడా ఏడాదంతా అదే మట్టంలో నిలబెడితే ఉల్లంకికి ఒరిగేది లేదు.

రెండు అభ్యంతరాలు వస్తాయి, ముందే సిద్ధంగా ఉండండి. ఒకటి, బోర్లు ఎండిపోతాయంటారు. మోతాదు మించకుండా దించితే ఆ భయం తక్కువ, అయినా వాళ్ల ఆందోళన అబద్ధం కాదు. రెండోది దీనికన్నా గట్టిది. నేల తేలితే రాత్రికి రాత్రే మట్టి లారీలు దిగుతాయి. మా దగ్గర 2019లో సరిగ్గా అదే జరగబోయింది. పొడి నేల కనిపించిన పదో రోజున ఎవరో సున్నంతో గీతలు గీశారు. మార్నింగ్ వాకర్స్ గొడవ చేస్తే ఆగింది. అందుకే హద్దు రాళ్లు పాతించకుండా, కాపలా లేకుండా నీళ్లు దించమని నేను చెప్పను. వాకింగ్ ట్రాక్‌ను ఇంత తిట్టాను గానీ ఆ రోజు చెరువును కాపాడింది దాని మీద నడిచేవాళ్లే.

మీరు ముందు ఒక పని చేయండి. ఈ ఆదివారం కట్ట మీదికి వెళ్లి పాత తూము ఎక్కడుందో వెతకండి. రెండు రాతి స్తంభాలు, పైన అడ్డరాయి నీళ్లలోంచి తేలి కనిపిస్తాయి. కనబడకపోతే ఊళ్లో పాతవాళ్లను, ఒకప్పుడు ఆయకట్టులో పొలం చేసినవాళ్లను అడగండి. దాని కింది కాలువ ఇప్పుడు ఎవరి ప్రహరీ కింద ఉందో కూడా కనుక్కుని ఇక్కడ రాయండి. నీళ్లు ఎటు దించవచ్చో అది తెలిశాక చూద్దాం.